తిమింగలాల కోసం, బొగ్గు కోసం, చూడటం కోసం: స్వాల్‌బార్డ్ యాత్ర

మొదటి రోజు: లాంగ్యర్‌బ్యెన్

ఓస్లో ఎయిర్‌పోర్టులో దేశం దాటి వెళ్తున్నట్టే పాస్‌పోర్టు మీద ముద్ర వేశారు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న దీవుల గుంపు స్వాల్‌బార్డ్. అది నార్వే పాలనలోనే ఉంది కానీ షెంగెన్ పరిధిలోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతంలోకి, రాదు. అక్కడ ఉండటానికి, పని చేసుకోవడానికి ఏ దేశం వాళ్లకీ వీసా అక్కర్లేదు. అయితే విమానం నార్వే మీదుగానే వెళ్తుంది కాబట్టి మనవాళ్లకి రెండుసార్లు ప్రవేశించే వీలున్న షెంగెన్ వీసా తప్పదు. ఇవన్నీ ఓస్లోలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ముందే చూసిపెట్టాడు. కిటికీ పక్క సీటు కూడా నాకే ఇచ్చాడు.

"మామయ్యా, చివరి అరగంట మాత్రం నిద్రపోకండి" అన్నాడు.

మేఘాలు విడిపోయాక కింద నల్లటి మొనదేలిన కొండలు, వాటి సందుల్లోంచి సముద్రం దాకా సాగిన హిమానీనదాలు కనిపించాయి. 1596లో డచ్ నావికుడు విల్లెం బారెంట్స్ ఈ కొండల్ని చూసే స్పిట్స్‌బెర్గెన్ అని పేరు పెట్టాడు, మొనదేలిన కొండలని దాని అర్థం. ఏళ్ల తరబడి పిల్లలకి భూగోళం చెప్పినవాణ్ణి. రెండు హిమానీనదాలు కలిసే చోట మధ్యలో రాళ్ల గీత ఏర్పడుతుందని బోర్డు మీద ఎన్నోసార్లు గీసి చూపించాను. ఆ గీత నా కళ్ల కింద, కిలోమీటర్ల పొడవున, పాఠంలో చెప్పినట్టే ఉంది. కళ్లు చెమర్చాయి.

లాంగ్యర్‌బ్యెన్ 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన ఊరు. జనాభా రెండున్నర వేల దాకా ఉంటుంది. 1906లో జాన్ మన్రో లాంగ్యర్ అనే అమెరికన్ బొగ్గు గని కోసం పెట్టిన ఊరు ఇది, అతని పేరే మిగిలింది. ఇళ్లన్నీ స్తంభాల మీద నిలబెట్టి ఉన్నాయి. కింద నేల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వేడికి అది కరిగితే గోడలు కుంగిపోతాయి. హోటల్లోకి వెళ్లగానే బూట్లు విప్పి అరలో పెట్టమన్నారు. గని కార్మికుల బూట్లకి అంటిన బొగ్గు మసి లోపలికి రాకుండా పెట్టుకున్న అలవాటట, గనులు పోయినా అలవాటు పోలేదు. చివరి నార్వే గని, ఏడో నంబరుది, 2025లో మూసేశారు. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు అంతకు ముందే, 2023లో ఆగిపోయింది.

ఊరి చివర తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డు ఉంది. దాని కింద 'స్వాల్‌బార్డ్ మొత్తానికి వర్తిస్తుంది' అని నార్వే భాషలో రాసి ఉంది. అందరూ అక్కడ ఫోటో దిగుతారు. మేమూ దిగాం. ఆ మాట ఎంత నిజమో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు: 2020 ఆగస్టులో ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న క్యాంపు స్థలంలో ఒక మనిషి ఎలుగుబంటి దాడిలో చనిపోయాడు.

రాత్రి పదకొండున్నరకి గదిలోకి ఎండ పడుతోంది. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా ఇక్కడ సూర్యుడు అస్తమించడు. మందపాటి కర్టెన్ మూసి పడుకున్నాం.

రెండో రోజు: మంచు మీద నడక, రాతిలో ఆకులు

గైడ్ పొద్దున్నే వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో, భుజాన రైఫిల్, నడుముకి ఫ్లేర్ పిస్టల్. ముందు మాకు అరగంట పాఠం చెప్పింది. ఊరు దాటితే ఎలుగుబంటిని భయపెట్టి తరిమే సాధనం లేకుండా ఎవరూ నడవకూడదు. అందరూ దగ్గరదగ్గరగా నడవాలి. ఎలుగు కనిపిస్తే పరిగెత్తకూడదు, గుంపుగా వెనక్కి తగ్గాలి. మొదటి ప్రయత్నం ఎప్పుడూ దూరం జరగడమే, తర్వాత చప్పుడు, వెలుగు. రైఫిల్ ఆఖరిది. "ఇది వాడాల్సి వచ్చిందంటే నా పని నేను సరిగ్గా చేయలేదన్నమాట" అని చెప్పింది. ఒక ఎలుగుని చంపితే గవర్నర్ కార్యాలయం ప్రతిసారీ విచారణ జరుపుతుంది. 1973 నుంచి ఇక్కడ వాటి వేట నిషేధం.

ఊరి పై భాగాన లాంగ్యర్‌బ్రేన్ అనే చిన్న హిమానీనదం ఉంది. దాని ముందు రాళ్ల గుట్టలు దాటడానికే గంట పట్టింది. అడుగు పెట్టిన రాయి కదులుతుంది, కింద చూస్తే మట్టి కాదు, మురికి పట్టిన మంచు. ఆ తర్వాత బూట్లకి ఇనుప ముళ్లు కట్టుకున్నాం. పాదం మొత్తం ఒకేసారి మోపాలి, వేళ్ల మీద నడవకూడదు. మంచు మీద కరిగిన నీళ్లు నీలం రంగు కాలువలుగా పారుతూ, ఒక్కోచోట గిర్రున తిరిగి గోతిలోకి మాయమవుతున్నాయి. ఆ గోతుల దగ్గరికి గైడ్ ఎవర్నీ పోనివ్వలేదు.

దిగేటప్పుడు రాళ్ల గుట్టల్లో ఆగి, ఒక పలుచటి రాయిని తిప్పి చూపించింది. రాతిలో ఆకు. ఈనెలతో సహా, గోధుమ రంగులో, అరచేయంత ఆకు. ఐదు కోట్ల ఏళ్లకి పైబడిన ఆకు అది. ఇప్పుడు మోకాలెత్తు చెట్టు కూడా లేని ఈ నేల మీద ఒకప్పుడు అడవి ఉండేది. ఆ అడవే బొగ్గయింది. ఆ బొగ్గే లాంగ్యర్‌ని ఇక్కడికి తెచ్చింది. ఒక్క రాయి పట్టుకుని ఈ కథ అంతా చెప్పొచ్చు కదా అనిపించింది. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఆ రాయి చూపించాలనిపించింది.

ఊళ్లోకి వచ్చే దారిలో పాత చెక్క స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. బొగ్గు బకెట్లు తీగల మీద రేవుకి వెళ్లేవి వాటి మీదుగానే. పక్కన తుప్పు పట్టిన డబ్బాలు, తీగ ముక్కలు పడి ఉంటే మా గుంపులో ఒకాయన ఏరి సంచిలో వేయబోయాడు. గైడ్ ఆపింది. 1946కి ముందు మనుషులు వదిలిన ఏ జాడైనా, అది చెత్త అయినా సరే, చట్టం కింద రక్షిత వస్తువే. ముట్టుకోకూడదు. అప్పుడు వింతగా అనిపించిన ఈ నియమం తర్వాతి రోజుల్లో నాకు చాలా నచ్చింది. ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి పట్టుకెళ్లడానికే వచ్చాడు. ఏం తీసుకున్నారో, ఏం వదిలేశారో చెప్పే సాక్ష్యాలు ఆ డబ్బాలే.

మూడో రోజు: ఓడ ఎక్కడం, ఆల్క్‌హోర్నెట్

మధ్యాహ్నం రేవులో ఓడ ఎక్కాం. పన్నెండు మంది ప్రయాణికులు, ఇద్దరు గైడ్‌లు, కొద్దిమంది సిబ్బంది. చిన్న ఓడ కావాలని మా మేనల్లుడు పట్టుబట్టి వెతికాడు. అదే మంచిదయింది. 2025 నుంచి రక్షిత ప్రాంతాల్లో 200 మందికి మించిన ఓడల్ని రానివ్వడం లేదు, మనుషుల్ని దించడానికి కూడా కొన్ని చోట్లే కేటాయించారు. కొంతమంది టూరిజం వాళ్లు దీని మీద గొణుగుతున్నారు కానీ నాకైతే ఆ నియమం ముందే రావాల్సిందనిపిస్తుంది.

ఒడ్డుకి వెళ్లేది జోడియాక్‌లో. గాలి నింపిన గట్టి రబ్బరు పడవ అది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెయ్యి పట్టుకోకూడదు, ముంజేయి పట్టుకోవాలి. అరచేతులు జారతాయి, ముంజేతులు జారవు. లైఫ్ జాకెట్, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఒడ్డున ఎక్కువసార్లు నీళ్లలోకే దిగాలి.

ఫియోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఇస్‌ఫియోర్డ్ బయటి సముద్రంలో కలిసే చోట ఆల్క్‌హోర్నెట్ అనే నిటారు కొండ ఉంది. పడవలో వెళ్తుండగానే రొద వినిపించింది. కొండ చరియల మీద వేలకు వేల పక్షులు, గిల్లెమాట్లు, కిట్టివేక్‌లు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని కూర్చుని ఉన్నాయి. ఆ పక్షుల రెట్ట కిందికి జారి నేలకి ఎరువవుతుంది. అందుకే కొండ కింద మాత్రం పచ్చటి నాచు, గడ్డి ఒత్తుగా పెరిగాయి. ఆ గడ్డి కోసం రెయిన్‌డీర్లు వస్తాయి. పడిపోయిన పిల్లల కోసం, గుడ్ల కోసం నక్క వస్తుంది. సముద్రంలోని చేప పక్షి కడుపులోంచి నేలకి చేరి గడ్డయి, జింకవుతోంది. ఆహార గొలుసు పాఠం ఇంతకన్నా తేలిగ్గా ఎక్కడా కనపడదు.

ఇక్కడి రెయిన్‌డీర్లు పొట్టి కాళ్లతో, గుండ్రంగా ఉంటాయి. మందగా తిరగవు. ఒకటి మమ్మల్ని చూసి కూడా మేస్తూనే దగ్గరికొచ్చింది. వేటతో దాదాపు అంతరించే దశకి వస్తే 1925లో రక్షణ కల్పించారు. నాచు మీద ఒకరి వెనక ఒకరు కాకుండా విడివిడిగా నడవమని గైడ్ చెప్పింది, ఒకే చోట తొక్కితే ఆ గుర్తు దశాబ్దాల పాటు పోదు. రాళ్ల నేల వచ్చాక మళ్లీ ఒకే వరసలో నడిచాం. ఒకచోట వంగి ఒక చిన్న మొక్క చూపించింది, రెండు వేళ్ల ఎత్తు. పోలార్ విల్లో. అది చెట్టే, కాండం నేల లోపల అడ్డంగా సాగుతుంది. స్వాల్‌బార్డ్ అడవి అంతా ఇంత ఎత్తే. మా మేనల్లుడు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చాలాసేపు ఫోటో తీశాడు.

నాలుగో రోజు: వాల్‌రస్‌లు

రాత్రంతా బయటి సముద్రంలో ఓడ ఊగింది. వాంతుల మాత్ర ముందే వేసుకున్నవాళ్లు నిద్రపోయారు, మిగతావాళ్లు టిఫిన్‌కి రాలేదు.

ప్రిన్స్ కార్ల్స్ ఫోర్‌లాండ్ అనే సన్నటి పొడవాటి దీవి తూర్పు ఒడ్డున పూలెపింటెన్ అనే ఇసుక మొన ఉంది. అక్కడ మగ వాల్‌రస్‌లు ఒడ్డున పడుకుని ఉన్నాయి. గాలి వాటి వైపు నుంచి మా వైపు వీచేలా చూసుకుని, మాట్లాడకుండా, చిన్న అడుగులతో గైడ్ గీసిన గీత దాకా వెళ్లి నిలబడ్డాం. ఒక్కొక్కటి టన్నుకి పైనే బరువు. దంతాలు ఒకదాని వీపు మీద ఒకటి ఆనించి పడుకున్నాయి. ఎవరైనా పక్కకి దొర్లితే మొత్తం వరస కసురుకుంటుంది. నీళ్లలోకి దిగిన ఒకటి మాత్రం మా ఎదురుగా తలెత్తి, మీసాలు కదిలిస్తూ చాలాసేపు చూసింది. ఆ మీసాలతోనే చీకటి సముద్రం అడుగున ఆల్చిప్పల్ని వెతుక్కుంటుంది.

దంతాల కోసం, తోలు కోసం మూడు శతాబ్దాల పాటు వీటిని చంపారు. 1952లో నిషేధం వచ్చేనాటికి ఇక్కడ దాదాపు ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మళ్లీ పెరుగుతున్నాయి. ఒక నిషేధం నిజంగా పనిచేసిందని కళ్లతో చూడటం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను.

ఐదో రోజు: నీ-ఓలెసుండ్‌లో హిమాద్రి

ఈ రోజు కోసమే నేను ఇంత దూరం వచ్చాను. కోంగ్స్‌ఫియోర్డ్‌లోకి ఓడ మలుపు తిరగ్గానే ఫోన్లు, వాచీలు, కెమెరాల్లో వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపేయమన్నారు. నీ-ఓలెసుండ్ చుట్టూ ఇరవై కిలోమీటర్ల మేర రేడియో నిశ్శబ్దం పాటించాలి. అక్కడున్న పెద్ద యాంటెన్నాలు ఎంతో దూరపు నక్షత్రాల్లాంటి వస్తువుల నుంచి వచ్చే బలహీనమైన రేడియో సంకేతాలు వింటాయి, వాటి ఆధారంగా భూమి కదలికల్ని కొలుస్తాయి. మన జేబులోని ఫోన్ సంకేతం వాటి ముందు అరుపే.

నీ-ఓలెసుండ్ అనే ఈ ఊరు 78 డిగ్రీల 55 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇదీ ఒకప్పుడు బొగ్గు ఊరే. 1962 నవంబర్ 5న గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ ప్రమాదం మీద వచ్చిన రాజకీయ తుఫానులో 1963లో నార్వే ప్రభుత్వమే పడిపోయింది. తవ్వకం ఆగింది. ఆ తర్వాత ఇది పరిశోధకుల ఊరయింది. ఇప్పుడు పది దేశాల పరిశోధన కేంద్రాలు ఇక్కడున్నాయి. పాత గనుల చిన్న రైలింజన్ ఇంకా పట్టాల మీద నిలబెట్టి ఉంది.

రోడ్డు దాటి పక్కకి వెళ్లకూడదు. రోడ్డు పక్కనే ఆర్కిటిక్ టెర్న్ పక్షులు గూళ్లు పెట్టుకున్నాయి. దగ్గరికెళ్తే నెత్తి మీద ముక్కుతో పొడుస్తాయి. కర్ర తల పైకి ఎత్తి పట్టుకుంటే కర్ర కొసనే పొడుస్తాయి. ఈ పక్షి చలికాలం వచ్చేసరికి భూమి అవతలి కొసకి, అంటార్కిటికాకి వెళ్లి మళ్లీ ఇక్కడికే వస్తుంది. అంత చిన్న పక్షి. దానికి దారివ్వడానికి మేం రోడ్డు అవతలికి జరిగాం.

అప్పుడు కనిపించింది, హిమాద్రి అని బోర్డున్న ఇల్లు, మన దేశపు పరిశోధన కేంద్రం. 2007లో మన దేశం మొదటి ఆర్కిటిక్ యాత్ర పంపింది, 2008 జూలై 1న ఈ కేంద్రం మొదలైంది. హిమానీనదాలు, గాలిలోని ధూళి, ఫియోర్డ్ నీళ్లు, అందులోని సూక్ష్మజీవులు, ఇవన్నీ మనవాళ్లు ఇక్కడ పరిశీలిస్తారు. 2023 డిసెంబర్ నుంచి చలికాలపు చీకట్లో కూడా యాత్రలు నడుపుతున్నారు. 2014లో ఇండార్క్ అనే పరికరాల గొలుసుని ఈ ఫియోర్డ్ నీళ్లలోకే దించారు. ఆర్కిటిక్ మంచు తగ్గడానికీ, మన రుతుపవనాలకీ సంబంధం ఏమిటన్నది ఇక్కడి ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి. జూన్‌లో ఆకాశం వైపు చూసే ఖమ్మం రైతుకి ఈ ఫియోర్డ్ నీళ్ల వేడి లెక్క అక్కర్లేనిది కాదు.

లోపలికి వెళ్లే వీలు లేదు. బయటే నిలబడ్డాం. మా మేనల్లుడు నా ఫోటో తీశాడు. "మామయ్యా, నవ్వండి, ఎందుకంత సీరియస్‌గా ఉన్నారు?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, గర్వంగా ఉంది. స్వాల్‌బార్డ్ మీద నార్వేకి అధికారం ఇచ్చిన 1920 పారిస్ ఒప్పందంలో ఇండియా పేరు కూడా ఉంది, కానీ అప్పటి సంతకం బ్రిటిష్ వాళ్లు పెట్టిందే. ఈ బోర్డు మనం పెట్టుకున్నది. పక్క వీధిలో చైనా కేంద్రం గుమ్మానికి రెండు పాలరాతి సింహాలున్నాయి.

ఊరి చివర ఒక ఇనుప స్తంభం ఒంటరిగా నిలబడి ఉంది. 1926 మేలో నార్వే సాహసయాత్రికుడు అముండ్‌సెన్, ఇటలీకి చెందిన నోబిలె, అమెరికన్ ఎల్స్‌వర్త్ నార్గె అనే గాలి ఓడని దానికి కట్టి, అక్కడి నుంచే ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కాకి వెళ్లారు. రెండేళ్లకి నోబిలె మరో గాలి ఓడలో కూలిపోతే, వెతకడానికి బయల్దేరిన అముండ్‌సెన్ తిరిగి రాలేదు. ఇద్దరికీ పొసగదని అందరికీ తెలుసు. అయినా వెళ్లాడు. ఆ స్తంభం కింద నిలబడి నేను ఎక్కువ ఆలోచించింది ధ్రువం గురించి కాదు, ఆ వెళ్లడం గురించి.

సాయంత్రం ఫియోర్డ్ అవతల బ్లోమ్‌స్ట్రాండ్ దగ్గర దిగాం. 1911 ప్రాంతంలో ఎర్నెస్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లిష్ వాడు ఇక్కడ పాలరాయి ఉందని డబ్బు పోగుచేసి, యంత్రాలు దింపి, న్యూ లండన్ అని పేరు పెట్టాడు. రాయి మంచులో పగిలి పగిలి లోలోపల నుగ్గయి ఉంది, బయటికి తీస్తే పనికిరాలేదు. క్రేన్లు, బాయిలరు, పట్టాలు తుప్పు పట్టి అలాగే ఉన్నాయి. ఇంకో సంగతి. పాత మ్యాపుల్లో ఇది ద్వీపకల్పం. దీన్ని ప్రధాన భూమితో కలిపి ఉంచింది నిజానికి హిమానీనదమే. అది వెనక్కి తగ్గాక 1990లలో మధ్యలో సముద్రం బయటపడింది, ద్వీపకల్పం దీవయింది. బ్లోమ్‌స్ట్రాండ్‌హల్వోయా అనే దాని పూర్తి పేరులో మాత్రం ద్వీపకల్పమనే ఉంది. భూగోళం టీచర్‌కి ఇంతకన్నా కలవరపెట్టే విషయం ఏముంటుంది? నేను పాఠం చెప్పిన కాలంలోనే మ్యాపు మారిపోయింది.

ఆరో రోజు: మంచు గోడ

పక్కనే క్రాస్‌ఫియోర్డ్. లిల్లియెహూక్ హిమానీనదం సముద్రంలోకి కొన్ని కిలోమీటర్ల వెడల్పున వంపుగా దిగుతుంది. రోజంతా జోడియాక్‌లోనే తిరిగాం. ఇంజన్ ఆపగానే తేలుతున్న మంచు ముక్కల్లోంచి చిటపట చప్పుడు, పోపులో ఆవాలు వేగినట్టు. శతాబ్దాల కింద మంచు పడుతూ ఒకదాని బరువుకి ఒకటి గట్టిపడినప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు అవి, మంచు కరగ్గానే పగులుతున్నాయి. ఒక ముక్క చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను.

గోడ నుంచి బాగా దూరంలోనే ఉన్నాం. ముందు తెల్లటి పొడి రాలింది, తర్వాత అపార్ట్‌మెంట్ బ్లాకంత ముక్క మెల్లగా ఒరిగింది, ఆ తర్వాత గానీ ఉరుము వినిపించలేదు. అల మా దాకా వచ్చేలోపు గైడ్ పడవ ముక్కుని దాని వైపు తిప్పింది. అప్పటిదాకా గాల్లో తిరుగుతున్న కిట్టివేక్‌లన్నీ అక్కడికే పరిగెత్తాయి. హిమానీనదం కింద నుంచి వచ్చే మంచినీళ్లు పైకి ఉబికేటప్పుడు అడుగున ఉన్న చిన్న జీవుల్ని మోసుకొస్తాయి, పక్షులకి అది విందు.

మంచు విరగడం హిమానీనదాలకి ఎప్పుడూ ఉన్నదే. వెనక నుంచి వచ్చే మంచు కన్నా ముందు పోయేది ఎక్కువైతేనే తంటా. స్వాల్‌బార్డ్‌లో ఇప్పుడు జరుగుతున్నది అదే. ప్రపంచ సగటు కన్నా ఎన్నో రెట్లు వేగంగా ఇక్కడ వేడి పెరుగుతోంది. 2020 జూలై 25న లాంగ్యర్‌బ్యెన్ ఎయిర్‌పోర్టులో 21.7 డిగ్రీలు నమోదైంది. అది చదివినప్పుడు అంకె. గోడ ముందు కూర్చున్నాక మాత్రం గుండెలో భారంగా ఉంది. మేం వచ్చిన ఓడ కూడా డీజిల్ మీదే నడుస్తోంది. చూడటానికి రావడం కూడా ఇక్కడి నుంచి కొంత తీసుకెళ్లడమే.

రాత్రి భోజనంలో వంటాయన అన్నం వండాడు. మా అక్క కట్టిచ్చిన కందిపొడి, నెయ్యి బయటికి తీశాం. బల్ల మీద ఉన్న అందరూ కలుపుకు తిన్నారు.

ఏడో రోజు: మేం దిగని ఒడ్డు

మాగ్దలేనా ఫియోర్డ్‌లో గ్రావ్‌నెసెట్ దగ్గర దిగాలి. 17, 18 శతాబ్దాల్లో తిమింగలాల వేటకి వచ్చి చనిపోయినవాళ్లని అక్కడే పూడ్చారు, నూరుకి పైగా సమాధులున్నాయి. బూట్లు, జాకెట్లు వేసుకుని డెక్ మీద వరసలో నిలబడ్డాం. గైడ్‌లు ఎప్పటిలాగే ముందు దుర్భిణీలతో ఒడ్డంతా చూశారు. పావుగంట, ఇరవై నిమిషాలు. తర్వాత ఒకరితో ఒకరు రెండు మాటలు అనుకుని మా వైపు తిరిగారు.

"దిగడం లేదు. రాళ్ల దగ్గర, మంచు చారకి కుడి వైపు."

నాకు మొదట ఏమీ కనపడలేదు. దుర్భిణీలో తెల్లటి మంచు పక్కన మీగడ రంగు మచ్చ. అది తల ఎత్తింది. ఎలుగుబంటి ఒంటరిగా పడుకుని ఉంది. ఈ కాలంలో వాటికి 300 మీటర్ల లోపలికి వెళ్లకూడదు, మార్చి నుంచి జూన్ దాకా అయితే 500 మీటర్లు. మేం అంతకన్నా చాలా దూరంలోనే ఓడ ఆపుకుని ఉన్నాం. అది లేచి, ఒళ్లు విరుచుకుని, నీటి అంచున నడిచింది. నడకలో ఏ తొందరా లేదు. ఒకచోట ఆగి ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది, బహుశా మా వాసనే. మళ్లీ నడిచి, బండల వెనక్కి వెళ్లిపోయింది.

సముద్రపు మంచు మీద సీళ్లని వేటాడి బతికే జంతువు అది. మంచు ఉత్తరానికి తగ్గిపోయే వేసవిలో కొన్ని ఒడ్డునే చిక్కుకుంటాయి, పక్షి గుడ్లు, కొట్టుకొచ్చిన కళేబరాలు తిని కాలం గడుపుతాయి. స్వాల్‌బార్డ్‌లోనే ఉండే ఎలుగులు సుమారు మూడు వందలని లెక్క.

సమాధులు చూడలేదని ఎవరూ బాధపడలేదు. మా మేనల్లుడు కెమెరా పక్కన పెట్టేసి రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. "ఫోటోలో చుక్కంతే వస్తుంది మామయ్యా, అందుకే చూస్తున్నాను" అన్నాడు. ఈ యాత్ర మొత్తంలో గైడ్‌ల పనితనం నాకు బాగా తెలిసింది ఆ పావుగంటలోనే. అందరూ తొందరపడుతున్నప్పుడు, వాళ్లు ఒడ్డుని ప్రతి రాయీ ప్రతి మడతా వెతికారు.

ఎనిమిదో రోజు: స్మెరెన్‌బర్గ్

వాయవ్య మూలన ఆమ్‌స్టర్‌డామ్ దీవి. అక్కడ స్మెరెన్‌బర్గ్ అనే ఇసుక తిన్నె మీద దిగాం. 1619 నుంచి కొన్ని దశాబ్దాల పాటు డచ్ వాళ్లు ఇక్కడ తిమింగలాల కొవ్వు కాచారు. పొయ్యిల చుట్టూ నల్లటి గట్టి వలయాలు మిగిలాయి, ఇసుక, గులకరాళ్లు, పొంగిన నూనె కలిసి సిమెంటులా గట్టిపడినవి. నాలుగు వందల ఏళ్లయినా చెక్కుచెదరలేదు. యూరప్ వీధి దీపాలకి, సబ్బులకి ఈ నూనె వెళ్లింది. ఈ నీళ్లలో ఎంతో ఎక్కువగా ఉండే బోహెడ్ తిమింగలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మేం ఒక్కటి కూడా చూడలేదు.

వేటగాళ్లని తిట్టుకోవడం తేలికే. ఈ చుట్టుపక్కల తవ్విన సమాధుల్లో చాలామందికి స్కర్వీ ఉన్నట్టు ఎముకలు చెప్పాయి, కూరగాయలు, పండ్లు లేక చిగుళ్లు కారి చచ్చిపోయినవాళ్లు. కూలి కోసం వచ్చినవాళ్లు. లాభం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నవాళ్లది. గడ్డకట్టిన నేల కరుగుతూ, ఒడ్డు కోసుకుపోతూ ఆ సమాధులు ఇప్పుడు దెబ్బతింటున్నాయి.

తిరిగి వస్తూ డేన్స్ దీవిలోని విర్గో రేవు ముందు ఓడ నెమ్మదించింది. 1897 జూలై 11న స్వీడన్‌కి చెందిన ఆంద్రే, మరో ఇద్దరితో కలిసి ఇక్కడి నుంచి బెలూన్‌లో ధ్రువానికి బయల్దేరాడు. 1930లో క్విటోయా దీవిలో వాళ్ల శరీరాలు, డైరీలు, ఫిల్ములు దొరికాయి. ముప్పై మూడేళ్లు మంచులో ఉన్న ఆ ఫిల్ముల్ని కడిగితే బొమ్మలొచ్చాయి. అక్కడ దిగాలంటే గవర్నర్ అనుమతి కావాలి. మాకు లేదు.

తొమ్మిది, పది రోజులు: దక్షిణానికి, మళ్లీ లాంగ్యర్‌బ్యెన్

ఒక పగలంతా పొగమంచు. ఓడలో బట్టలు ఆరబెట్టుకుంటూ, నిద్రపోతూ గడిపాం.

లాంగ్యర్‌బ్యెన్‌లో ఫ్లైట్‌కి కొన్ని గంటల టైముంది. టాక్సీ మాట్లాడుకుని ఎయిర్‌పోర్టు పైన కొండలో ఉన్న విత్తన ఖజానా దగ్గరికి వెళ్లాం. బయట కనిపించేది కాంక్రీటు ద్వారం మాత్రమే. లోపలికి ఎవర్నీ రానివ్వరు. 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. కొండ లోపల మైనస్ 18 డిగ్రీల చలిలో ప్రపంచ దేశాల విత్తనాల నకళ్లు పది లక్షల రకాలకి పైగా ఉన్నాయి. 2016లో అనుకోని వేడికి సొరంగం మొదట్లోకి నీళ్లు వచ్చాయి, విత్తనాల దాకా చేరలేదు. తర్వాత సొరంగాన్ని గట్టిపరిచారు.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ విత్తనాలు కూడా లోపల ఉన్నాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి. మా మేనల్లుడికి ఈ సంగతి తెలియదు. "మన కందులా మామయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. పెట్టిన సంస్థ అడిగితే తప్ప ఆ పెట్టెలు ఎవరూ తెరవరు. మొదటిసారి అలా తెరిచింది 2015లో, సిరియాలోని విత్తన కేంద్రం యుద్ధంలో చిక్కుకున్నప్పుడు. వాళ్లు తమ గోధుమ, బార్లీ, పప్పుధాన్యాల విత్తనాలు తీసుకెళ్లి, వేరే దేశాల్లో పండించి, కొత్త గింజల్ని మళ్లీ ఇక్కడికే పంపారు. తిమింగలాలు, దంతాలు, బొగ్గు, పాలరాయి అన్నీ తీసుకెళ్లడానికి మనుషులొచ్చిన ఈ నేల మీద, దాచిపెట్టడానికి వచ్చిన పని నేను చూసింది ఇదొక్కటే.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. నడక, ఓడ రెండూ కావాలంటే జూన్ చివర నుంచి ఆగస్టు దాకా మంచి కాలం. ఖర్చు ఎక్కువే, చిన్న ఓడలకి ఏడాది ముందే బుక్ చేసుకోవాలి. జూలైలో కూడా సగటున ఏడు డిగ్రీలే ఉంటుంది, గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. కాబట్టి ఒకే మందపాటి కోటు కన్నా ఉన్ని లోదుస్తులు, మధ్యలో ఒక పొర, పైన నీళ్లు దిగని జాకెట్ మేలు. మోకాళ్లు అలవాటు పడాలంటే రెండు నెలల ముందు నుంచే రోజూ మెట్లెక్కండి. రబ్బరు బూట్లు చాలావరకు ఓడవాళ్లే ఇస్తారు, అడిగి తెలుసుకోండి. దుర్భిణీ మాత్రం మనిషికొకటి తీసుకెళ్లండి, ఎలుగుబంటి కనిపించినప్పుడు పంచుకునే ఓపిక ఎవరికీ ఉండదు.